సామాజిక బాధ్యత పెరిగితే కంపెనీ నగదు నిల్వ పెరుగుతుందా, తరుగుతుందా?

కామర్స్ విద్యార్థిని:

సభ్యులందరికీ నమస్కారం. ఎం.కామ్. చివరి సంవత్సరం ప్రాజెక్టు కోసం, కంపెనీలు పాటించే సామాజిక బాధ్యతకూ అవి చేతిలో ఉంచుకునే నగదుకూ ఉన్న సంబంధాన్ని ఎంచుకున్నాను. చదివిన కొద్దీ రెండు వాదాలు ఎదురెదురుగా నిలబడుతున్నాయి. బాధ్యతగా నడిచే కంపెనీని బ్యాంకులూ మదుపరులూ నమ్ముతారు కాబట్టి అవసరం వచ్చినప్పుడు దానికి అప్పు సులువుగా, తక్కువ వడ్డీకి పుడుతుందనీ, అలాంటి కంపెనీ నగదును కుప్పపోసుకోవలసిన పని లేదనీ మొదటి వాదం. ఉద్యోగులకు, సరుకు ఇచ్చేవారికి, కర్మాగారం చుట్టూ బతికేవారికి ఇచ్చిన మాటను గడ్డుకాలంలో కూడా నిలబెట్టుకోవాలంటే చేతిలో డబ్బు ఉండి తీరాలనీ, అందువల్ల బాధ్యత పెరిగిన కొద్దీ నిల్వ కూడా పెరుగుతుందనీ రెండో వాదం. విడివిడిగా చూస్తే రెండూ సబబుగానే ఉన్నాయి. ఏ పరిస్థితిలో ఏది నెగ్గుతుందో, ఈ పనిని దగ్గరగా చూసినవారు చెబితే నాకు ఒక దారి దొరుకుతుంది.

ట్రెజరీ బల్ల:

నేను ఒక తయారీ కంపెనీలో ట్రెజరీ విభాగం (నగదు, అప్పుల నిర్వహణ) చూస్తున్నాను. మీ ప్రశ్నకు జవాబు వెతికే ముందు, కంపెనీ అసలు నగదు ఎందుకు ఉంచుకుంటుందో గుర్తుచేసుకోవాలి. ఆర్థికవేత్త కీన్స్ 1936లో చెప్పిన మూడు కారణాలు నేటికీ మా పనికి సరిపోతాయి: రోజువారీ చెల్లింపులు, అనుకోని ఆపద, అనుకోని అవకాశం. సామాజిక బాధ్యత ముఖ్యంగా తాకేది వీటిలో రెండోదాన్ని.

2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు బావి రిగ్గు పేలి 11 మంది కార్మికులు చనిపోయారు. జూన్‌లో ఆ బావిని తవ్విస్తున్న చమురు సంస్థ బీపీ 2,000 కోట్ల డాలర్ల పరిహార నిధికి ఒప్పుకుంది. అంత మొత్తాన్ని ఎంత పెద్ద కంపెనీ అయినా ఒక్క రోజులో తీసి ఇవ్వలేదు. అందుకే ఆ ఏడాది మూడో త్రైమాసికంలో 300 కోట్లు, నాలుగో త్రైమాసికంలో 200 కోట్లు, ఆ తర్వాత ప్రతి త్రైమాసికంలో 125 కోట్ల డాలర్ల చొప్పున కట్టే ఏర్పాటు జరిగింది. మూడు త్రైమాసికాల డివిడెండు ఆగిపోయింది, ఆస్తులు అమ్మకానికి వచ్చాయి. భద్రత మీద పెట్టే ఖర్చు సామాజిక బాధ్యతే. అది సరిగ్గా జరిగిన చోట ఇటువంటి పిడుగు పడే అవకాశం తగ్గుతుంది, ఆ మేరకు ముందుజాగ్రత్త నగదు అవసరం కూడా తగ్గుతుంది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో టైలెనాల్ అనే నొప్పి మందు క్యాప్సూళ్లలో సైనైడ్ కలపడంతో ఏడుగురు చనిపోయినప్పుడు, జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ దాదాపు 3.1 కోట్ల సీసాలను మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుంది. ఖర్చు 10 కోట్ల డాలర్లు దాటింది. తప్పు ఎవరిదో తేలక ముందే అలా చేయాలంటే, ఆ నిర్ణయం తీసుకున్న రోజున డబ్బు గురించి అప్పులవాళ్లను అడగవలసిన స్థితి ఉండకూడదు.

కాబట్టి బాధ్యతను ఒకే ముద్దగా చూడకండి. ఆపదను ముందే అరికట్టే బాధ్యత నగదు అవసరాన్ని తగ్గిస్తుంది, ఆపద వచ్చినప్పుడు ఆదుకుంటామని హామీ ఇచ్చే బాధ్యత పెంచుతుంది. ఒకే కంపెనీలో రెండూ కలిసి ఉండవచ్చు, కానీ వాటి పాళ్లు పరిశ్రమను బట్టి చాలా మారతాయి.

వాటాదారు:

ట్రెజరీ బల్ల గారు చెప్పినది యాజమాన్యం మంచిదని అనుకున్నప్పటి మాట. ఒక వాటాదారుగా నాకు మరో భయం ఉంది. ఆర్థికవేత్త మైఖేల్ జెన్సెన్ 1986లో రాసిన వ్యాసంలోని వాదం ఏమిటంటే, లాభదాయకమైన పెట్టుబడులన్నీ పెట్టాక కూడా మిగిలిన నగదు యాజమాన్యం చేతిలో ఉంటే, దాన్ని వాటాదారులకు తిరిగి ఇవ్వడానికి బదులు తమ పలుకుబడి పెంచుకునే పనులకు మళ్లించే ప్రలోభం వారికి ఉంటుంది. విరాళాలూ, పేరు చెక్కిన భవనాలూ, వేదికల మీద సత్కారాలూ ఆ పనుల్లోకి ఎందుకు రాకూడదు? డబ్బు ఒకరిది, కీర్తి మరొకరిది అయినప్పుడు ఖర్చుకు హద్దు ఎవరు పెడతారు?

ఇది నగదు నిల్వకు నేరుగా సంబంధించిన విషయమే. తన ఇష్టప్రకారం ఖర్చు చేయాలనుకునే యాజమాన్యం అప్పు మీద ఆధారపడటానికి ఇష్టపడదు, ఎందుకంటే అప్పిచ్చేవాడు ప్రశ్నిస్తాడు. చేతిలో నగదు ఉంటే ఎవరూ అడగరు. అలాంటి కంపెనీలో సామాజిక బాధ్యత ఖర్చూ నగదు నిల్వా కలిసి పెరుగుతాయి. పై నుంచి చూసేవారికి ఇది బాధ్యత వల్ల పెరిగిన నిల్వలా కనిపిస్తుంది. నిజానికి రెండూ అదుపు లేకపోవడం నుంచే పుట్టి ఉంటాయి.

మార్కెట్ కూడా ఈ తేడాను గమనిస్తుంది. అమెరికా కంపెనీల మీద 2007లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రకారం, పాలన బలహీనంగా ఉన్న కంపెనీ చేతిలోని ఒక డాలరును మదుపరులు 42 నుంచి 88 సెంట్లుగా మాత్రమే లెక్కగట్టారు. పాలన బాగున్న చోట అదే డాలరుకు దాదాపు రెట్టింపు విలువ ఇచ్చారు. విద్యార్థిని గారు నిల్వ ఎంత అని మాత్రమే కొలిస్తే ఈ సంగతి పూర్తిగా తప్పిపోతుంది.

పాత లెడ్జరు:

అమ్మా, ముందుగా ఒక జాగ్రత్త చెబుతాను. వార్షిక నివేదికలో రిజర్వులు, మిగులు అని కనిపించే అంకెను నగదు నిల్వగా తీసుకోకండి. అది గడిచిన సంవత్సరాలలో పంచకుండా ఉంచిన లాభం. ఆ డబ్బు యంత్రాలుగానో సరుకుగానో రావలసిన బాకీలుగానో ఎప్పుడో మారి ఉండవచ్చు. మీకు కావలసింది ఆస్తుల వైపున ఉండే నగదు, నగదుతో సమానమైనవి, స్వల్పకాలిక పెట్టుబడులు. నగదుతో సమానమైనవి అంటే సాధారణంగా కొన్న నాటి నుంచి మూడు నెలల్లోపు గడువు ఉండి, విలువ పెద్దగా మారనివి. సంవత్సరం గడువున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ అందులోకి రాదు, కాబట్టి కంపెనీలను పోల్చేటప్పుడు అది ఎక్కడ చూపించారో వెతకాలి.

ఇక అసలు విషయం. ఇక్కడ అందరూ విరాళాల గురించీ ప్రమాదాల గురించీ మాట్లాడుతున్నారు. నా అనుభవంలో బాధ్యత నగదును ఎక్కువగా కదిలించే చోటు వర్కింగ్ క్యాపిటల్, అంటే రోజువారీ వ్యాపారంలో సరుకులోనూ బాకీల్లోనూ తిరిగే డబ్బు. ఒక కంపెనీ ఏడాదికి 730 కోట్ల సరుకు కొంటుందని అనుకుందాం. అంటే రోజుకు రెండు కోట్లు. చిన్న సరఫరాదారుల ఇబ్బంది చూసి, చెల్లింపు గడువును 45 రోజుల నుంచి 30 రోజులకు తగ్గించిందనుకోండి. పదిహేను రోజుల కొనుగోళ్లు, అంటే 30 కోట్ల రూపాయలు, ఆ ఏడాది ఖజానా నుంచి బయటికి వెళ్తాయి. అదే కంపెనీ విరాళాలకు మూడు కోట్లు ఇస్తే నివేదికలో రంగుల ఫొటోలతో పదిహేను పేజీలు వస్తాయి. పది రెట్లు పెద్దదైన ఈ 30 కోట్లు లాభనష్టాల ఖాతాలో ఒక్క పైసాగా కూడా కనిపించవు, నగదు ప్రవాహ నివేదికలో చెల్లించవలసిన బాకీల తగ్గుదల అనే ఒక్క వరుసలో కలిసిపోతాయి.

ఇది ఒక్కసారి వెళ్లే డబ్బు. విరాళం ప్రతి ఏడాదీ వెళ్తుంది. గడువు తగ్గింపు మాత్రం మొదటి ఏడాది నిల్వను కిందికి దించి, ఆ తర్వాత అమ్మకాలు పెరిగినప్పుడు మాత్రమే మరికొంత అడుగుతుంది. మీరు వరుసగా కొన్ని ఏళ్ల లెక్కలు తీసుకుంటేనే ఈ తేడా బయటపడుతుంది.

సరఫరాదారు:

పాత లెడ్జరు గారు రాసినది చదివాక ఊరుకోలేకపోయాను. నాది చిన్న విడిభాగాల యూనిట్. మాకు పనిచ్చిన ఒక పెద్ద కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. వారి సామాజిక బాధ్యత నివేదికలో పాఠశాలలు, మొక్కలు, వైద్య శిబిరాలు అన్నీ ఉన్నాయి, అవి నిజంగా చేసిన పనులే, నేను కాదనను. అదే కాలంలో మా బిల్లులు నాలుగు నెలలు దాటినా కదలలేదు. నా దగ్గర పనిచేసేవారికి జీతాలివ్వడానికి, బిల్లు చూపి ముందే డబ్బు తీసుకునే బిల్ డిస్కౌంటింగ్‌కు వెళ్లి వడ్డీ కట్టాను. ఆ కంపెనీ బ్యాలెన్స్ షీటులో అప్పుడు మంచి నగదు నిల్వ కనిపించింది. అందులో కొంత నా డబ్బే.

అందుకని విద్యార్థిని గారికి ఒక విన్నపం. నగదు ఎక్కువగా ఉన్న బాధ్యతాయుతమైన కంపెనీని చూసినప్పుడు, ఆ నగదు వ్యాపారంలో సంపాదించినదా, మాలాంటివారికి ఆపి పెట్టినదా అన్నది తప్పక చూడండి. దీనికి భిన్నంగా నడిచినవారూ ఉన్నారు. 2020 మార్చిలో కోవిడ్ మొదలైనప్పుడు, చిన్న సరఫరాదారులకు ముందే చెల్లించడానికీ చిన్న చిల్లర వర్తకులకు అరువు పొడిగించడానికీ 50 కోట్ల యూరోల మేర నగదు వెసులుబాటు కల్పిస్తామని యూనిలీవర్ ప్రకటించింది. అందులో దానధర్మం ఏమీ లేదు, ఇవ్వవలసిన డబ్బును సకాలంలో ఇవ్వడమే. కానీ ఆ నెలలో మాలాంటి యూనిట్లకు దానికి మించిన సహాయం మరొకటి ఉండదు.

గణాంకాల గది:

చర్చ మంచి దారిలో వెళ్తోంది. పరిశోధన వైపు నుంచి మూడు సంగతులు చేరుస్తాను.

మొదటిది కొలత. బాధ్యతకు రేటింగ్ ఇచ్చే సంస్థల మధ్య ఏకాభిప్రాయం లేదు. ఆరు సంస్థల రేటింగ్‌లను పోల్చి 2022లో ప్రచురించిన ఒక అధ్యయనంలో వాటి మధ్య సగటు సహసంబంధం (పూర్తిగా ఏకీభవిస్తే 1 అయ్యే కొలత) 0.54 మాత్రమే, జంటను బట్టి 0.38 నుంచి 0.71 దాకా ఉంది. అప్పుల రేటింగ్ సంస్థలు ఒక కంపెనీ గురించి దాదాపు ఒకే మాట చెబుతాయి, ఇక్కడ అలా లేదు. ఒకే రేటింగ్‌ను నమ్ముకుని ప్రాజెక్టు కడితే, ఫలితం కంపెనీల గురించి కాకుండా ఆ రేటింగ్ సంస్థ అభిరుచి గురించి చెప్పే ప్రమాదం ఉంది. సరఫరాదారు గారు చెప్పిన ఆలస్యపు చెల్లింపులను ఎంతో కొంత పట్టించుకునే రేటింగ్‌లు ఉన్నాయి, అసలు పట్టించుకోనివీ ఉన్నాయి.

రెండోది మార్గం. అమెరికా కంపెనీల మీద 2016లో వచ్చిన ఒక అధ్యయనం బాధ్యత నుంచి నగదు దాకా వెళ్లే దారులను మూడుగా విడదీసి పరీక్షించింది: ఆ కంపెనీకి మాత్రమే పరిమితమైన రిస్కు, మార్కెట్ మొత్తంతో పాటు కదిలే రిస్కు, పాలన తీరు. ఈ ఆలోచన మీకు పనికొస్తుంది, ఎందుకంటే ఒక దారి నిల్వను పెంచి మరొక దారి తగ్గిస్తే మొత్తం మీద కనిపించే అంకె సున్నాకు దగ్గరగా ఉండవచ్చు. అప్పుడు సంబంధం లేదని రాస్తే పొరపాటు. రెండు బలాలు ఒకదాన్నొకటి లాగి పట్టుకున్నాయని అర్థం.

మూడోది అన్నిటికన్నా కష్టమైనది. ఏది కారణం, ఏది ఫలితం? బాధ్యత వల్ల నగదు పెరిగిందా, నగదు పుష్కలంగా ఉంది కాబట్టి బాధ్యతకు ఖర్చు చేయగలిగిందా? సాఫ్ట్‌వేరు, మందుల కంపెనీల వంటివి కనిపించని ఆస్తుల మీద ఆధారపడతాయి కాబట్టి సహజంగానే ఎక్కువ నగదు ఉంచుకుంటాయి, పొగగొట్టాలు లేవు కాబట్టి పర్యావరణ రేటింగ్‌లోనూ సులువుగా ముందుంటాయి. అమెరికా పారిశ్రామిక కంపెనీల ఆస్తుల్లో నగదు సగటు వాటా 1980లో 10.5 శాతం ఉంటే 2006 నాటికి 23.2 శాతానికి చేరింది. దీనికి పరిశోధకులు చూపిన కారణాలు సరుకు నిల్వలు తగ్గడం, నగదు ప్రవాహంలో ఒడిదుడుకులు పెరగడం, పరిశోధన మీద ఖర్చు పెరగడం. ఆ జాబితాలో సామాజిక బాధ్యత లేదు. కాబట్టి పరిశ్రమనూ కాలాన్నీ అదుపులో పెట్టకుండా రెండు గీతలు కలిసి పైకి వెళ్లాయని చూపితే ఏమీ రుజువు కాదు.

కామర్స్ విద్యార్థిని:

అందరికీ కృతజ్ఞతలు. గణాంకాల గది గారూ, కారణాన్నీ ఫలితాన్నీ విడదీయడానికి సామాజిక బాధ్యత ఖర్చును చట్టం ద్వారా తప్పనిసరి చేసిన సందర్భాన్ని వాడుకోవచ్చా? భారతదేశంలో కంపెనీల చట్టం 135వ సెక్షన్ ఉంది కదా. కంపెనీ తన ఇష్టంతో ఎంచుకోలేదు కాబట్టి అక్కడ నగదు మీద పడిన ప్రభావం స్వచ్ఛంగా బయటపడుతుందని అనుకుంటున్నాను.

గణాంకాల గది:

వాడుకోవచ్చు, ప్రపంచమంతటా పరిశోధకులు వాడుకున్నారు కూడా. ఆ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్క హద్దుకు చేరినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఖర్చు చేయాలి. హద్దుకు అటూ ఇటూ ఉన్న కంపెనీలు మిగతా విషయాల్లో ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి పోలిక బలంగా ఉంటుంది. 2017లో వచ్చిన ఒక అధ్యయనం ఈ పోలికతోనే, తప్పనిసరి ఖర్చు పరిధిలోకి వచ్చిన కంపెనీల షేరు విలువ సగటున 4.1 శాతం తగ్గిందని చూపింది. అంతకుముందే 2 శాతానికి మించి ఖర్చు చేస్తున్న కంపెనీలు చట్టం వచ్చాక తగ్గించుకున్నాయని మరొక అధ్యయనం తేల్చింది. అయితే తప్పనిసరి ఖర్చు నుంచి వచ్చే జవాబు తప్పనిసరి ఖర్చుకే చెల్లుతుంది. స్వచ్ఛంద బాధ్యతకు దాన్ని అలాగే అన్వయించకండి.

ట్రెజరీ బల్ల:

ఈ చివరి వాక్యాన్ని గట్టిగా సమర్థిస్తాను, కారణం కూడా చెబుతాను. చట్టం ప్రకారం ఇచ్చే 2 శాతం మా దృష్టిలో ముందే తెలిసిన చెల్లింపు. గత మూడేళ్ల లాభాలు తెలిసినవే కాబట్టి, ఏడాది మొదట్లోనే మొత్తం ఎంతో తేలిపోతుంది. ముందే తెలిసిన చెల్లింపు కోసం ఎవరూ ముందుజాగ్రత్త నిల్వ ఉంచరు, నగదు అంచనా పట్టికలో ఒక గడి నింపితే సరిపోతుంది. నిల్వను పెంచేది అనిశ్చితి. స్వచ్ఛంద బాధ్యతలో ఎప్పుడు, ఎంత, ఎవరికి అన్నది ముందుగా తెలియదు, ప్రభావమంతా అక్కడే ఉంది.

ఇంకొక చిక్కు కూడా ఉంది. చాలా కంపెనీలలో కమిటీ ఆమోదాలు ఆలస్యమై ఈ డబ్బు ఆర్థిక సంవత్సరం చివరి వారాల్లో బయటికి వెళ్తుంది. అప్పటిదాకా అది స్వల్పకాలిక డిపాజిట్లలో ఉంటుంది. మీరు మార్చి 31 నాటి నిల్వను మాత్రమే తీసుకుంటే, పదకొండు నెలలు ఉన్న డబ్బును లేనట్టుగా లెక్కిస్తారు. 2021 జనవరి 22న వచ్చిన సవరణల తర్వాత మరో మార్పు జరిగింది. కొనసాగుతున్న ప్రాజెక్టుకు ఖర్చు కాని మొత్తాన్ని సంవత్సరం ముగిసిన 30 రోజుల్లోపు ప్రత్యేక బ్యాంకు ఖాతాకు మార్చి, మూడు ఆర్థిక సంవత్సరాల్లోపు ఖర్చు చేయాలి. అంటే డబ్బు కంపెనీ పేరు మీదే బ్యాంకులో ఉంటుంది, కానీ జీతాలకో అప్పు వాయిదాకో తీయడానికి వీలులేదు. దాన్ని మామూలు నగదులో కలిపి లెక్కిస్తే, బాధ్యత వల్ల నిల్వ పెరిగిందనే తప్పుడు ఫలితం వస్తుంది.

వాటాదారు:

లెక్కల సంగతి బాగానే ఉంది. కానీ ఆ నగదు అసలు ఉందా అనే ప్రశ్న కూడా అడగాలి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రాసిన లేఖ బయటికి వచ్చినప్పుడు, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని తేలింది. అంతకుముందు ఏడాదే ఆ కంపెనీకి కార్పొరేట్ పాలనకు అంతర్జాతీయ పురస్కారం వచ్చింది, సేవా కార్యక్రమాల వల్ల మంచి పేరూ ఉంది. ఆ సేవల వల్ల మేలు పొందినవారి విషయంలో నాకు గౌరవమే తప్ప మరో మాట లేదు. నేను అడిగేది ఇది: మంచి పేరు ఉన్నందువల్ల మదుపరులూ ఆడిటర్లూ నగదు నిల్వను తనిఖీ చేయడంలో పట్టు సడలించారా? సామాజిక బాధ్యత నమ్మకాన్ని పెంచుతుందని అందరూ అంటున్నారు. నమ్మకం పెరిగిన చోట ప్రశ్నలు తగ్గడం కూడా సహజం. ఆ ప్రమాదాన్ని మీ ప్రాజెక్టులో ఒక అధ్యాయంగానైనా పెట్టండి.

గణాంకాల గది:

వాటాదారు గారి హెచ్చరిక సబబైనదే. అయితే ఒక్క ఉదంతం నుంచి సాధారణ సూత్రం తీయలేం. అనేక దేశాల కంపెనీలను తీసుకుని 2017లో ప్రచురించిన అధ్యయనంలో, సామాజిక బాధ్యత రేటింగ్ ఎక్కువగా ఉన్న కంపెనీల నగదుకు మదుపరులు ఎక్కువ విలువ కట్టారని తేలింది. జెన్సెన్ వాదమే అన్నిచోట్లా నిజమైతే దీనికి విరుద్ధంగా కనిపించాలి. అదే ఏడాది వచ్చిన మరొక అధ్యయనం 2008-09 సంక్షోభంలో బాధ్యత ఎక్కువగా పాటించిన అమెరికా కంపెనీల షేర్లు మిగతావాటికన్నా 4 నుంచి 7 శాతం పాయింట్లు మెరుగైన రాబడి ఇచ్చాయని చూపింది. ఆర్థిక వ్యవస్థ మీదే నమ్మకం కూలిన సమయంలో, కంపెనీ మీద ముందే ఏర్పడిన నమ్మకం పనికొచ్చిందని పరిశోధకుల వివరణ. అటువంటి కంపెనీకి నగదు కొంచెం తక్కువగా ఉన్నా కష్టకాలంలో ఉద్యోగులూ కొనుగోలుదారులూ వదిలిపోరు.

వాటాదారు:

సగటు మదుపరి అలా విలువ కట్టవచ్చు. నేను చెప్పేది సగటుకు దూరంగా, అంచున ఉన్న కంపెనీ గురించి. నష్టం వచ్చేది అక్కడే. పాలన బలంగా ఉన్న కంపెనీలను ఒక గుంపుగా, బలహీనంగా ఉన్నవాటిని మరొక గుంపుగా విడదీసి చూడమని మాత్రం విద్యార్థిని గారికి మళ్లీ చెబుతున్నాను. మొదటి గుంపులో ట్రెజరీ బల్ల గారి వాదం, రెండో గుంపులో నా వాదం నిలుస్తుందని నా అంచనా.

పాత లెడ్జరు:

గుంపులుగా విడదీయమన్న సలహా నాకూ నచ్చింది. లెక్కల వైపు నుంచి ఏ కాగితాలు చూడాలో చెబుతాను. నగదు గురించిన నోట్సులో వాడుకోవడానికి ఆంక్షలున్న నిల్వలను విడిగా చూపిస్తారు, ముందుగా వాటిని తీసివేయండి. తర్వాత ప్రొవిజన్ల (రాబోయే చెల్లింపుల కోసం లెక్కల్లో రాసే మొత్తాల) నోట్సు చదవండి. గని మూసివేత, కాలుష్య శుద్ధి వంటి బాధ్యతలు ఇప్పటికే ఏర్పడి, డబ్బు బయటికి వెళ్లే అవకాశమే ఎక్కువగా ఉంటే వాటికి ప్రొవిజన్ రాయాలి. ఆ అవకాశం అంతగా లేనివి కంటింజెంట్ లయబిలిటీల (ముందు ముందు పడవచ్చు, పడకపోవచ్చు అనే బాధ్యతల) కింద నోట్సులోనే ఉండిపోతాయి. ప్రొవిజన్ రాయడం అంటే డబ్బు పక్కన పెట్టడం కాదని గుర్తుంచుకోండి. అది లాభాన్ని తగ్గిస్తుంది, బ్యాంకు ఖాతాను తాకదు. పెద్ద ప్రొవిజన్ ఉండి నగదు తక్కువగా ఉన్న కంపెనీ ఆ బాధ్యతను ఏ డబ్బుతో తీరుస్తుందన్నది మీరు వేయవలసిన ప్రశ్న. సరఫరాదారు గారి సంగతి తేల్చడానికి, చెల్లించవలసిన బాకీలను ఏడాది కొనుగోళ్లతో భాగించి 365తో గుణించండి. ఆ రోజుల సంఖ్య పరిశ్రమ సగటుకన్నా చాలా ఎక్కువగా ఉంటే, నిల్వలోని ఆ అదనపు భాగాన్ని అరువు డబ్బుగానే భావించాలి.

కామర్స్ విద్యార్థిని:

ఇప్పుడు పట్టిక ఎలా కట్టాలో స్పష్టమవుతోంది. ఒక్క సందేహం మిగిలింది. మొదటి వాదంలో చెప్పినట్టు బాధ్యతాయుతమైన కంపెనీకి అప్పు చవకగా దొరుకుతుందనడానికి ఆధారం ఎంత బలమైనది? అది నిలబడితేనే నగదు తగ్గుతుందనే వాదం నిలబడుతుంది కదా.

ట్రెజరీ బల్ల:

ఆధారం ఉంది, కానీ దాని పరిమాణాన్ని ఎక్కువగా ఊహించుకోకండి. అమెరికా బ్యాంకు రుణాల మీద 2011లో వచ్చిన అధ్యయనం ప్రకారం, సామాజిక బాధ్యత విషయంలో ఆక్షేపణలున్న కంపెనీలు మిగతావాటికన్నా 7 నుంచి 18 బేసిస్ పాయింట్ల (ఒక్కో పాయింటు శాతంలో నూరో వంతు) ఎక్కువ వడ్డీ కట్టాయి. వంద కోట్ల అప్పు మీద ఏడాదికి ఏడు లక్షల నుంచి పద్దెనిమిది లక్షలు. ఈ తేడా ఒక్కటే చూసి ఏ ట్రెజరర్ కూడా తన నగదు నిల్వను సగానికి తగ్గించడు.

నగదుకు అసలైన ప్రత్యామ్నాయం వాడని క్రెడిట్ లైన్. అవసరమైనప్పుడు తీసుకోవడానికి బ్యాంకు ముందే ఒప్పుకున్న మొత్తం అది. 2017లో ఫిలిప్స్ కంపెనీ ఐఎన్‌జీ తదితర బ్యాంకుల కూటమితో 100 కోట్ల యూరోల రివాల్వింగ్ క్రెడిట్ (తీసుకుని, తీర్చి, మళ్లీ తీసుకోగల అప్పు) ఒప్పందం చేసుకుంది. బాధ్యత రేటింగ్ మెరుగుపడితే వడ్డీ తగ్గేలా, దిగజారితే పెరిగేలా అందులో షరతు పెట్టారు. అటువంటి ఒప్పందాలు తర్వాత చాలా వచ్చాయి. ఇక్కడ బాధ్యతకూ నగదుకూ మధ్య లంకె ఒప్పంద పత్రంలోనే రాసి ఉంటుంది, మనం ఊహించవలసిన పని లేదు. అయితే ఒక మెలిక గమనించండి. రేటింగ్ బాగా దిగజారేది కంపెనీ ఏదైనా ప్రమాదంలోనో కుంభకోణంలోనో చిక్కుకున్నప్పుడు. సరిగ్గా అప్పుడే నగదు అవసరం ఎక్కువ, వడ్డీ పెరిగేదీ అప్పుడే. నా వరకు నేను ఇటువంటి లైన్‌ను నిల్వలో కొంత భాగానికే బదులుగా లెక్కిస్తాను.

కాబట్టి మీ పట్టికలో నగదు పక్కన వాడని క్రెడిట్ లైన్ల మొత్తానికి ఒక నిలువు వరుస, వాటిలో రేటింగ్‌తో ముడిపడినవి ఎన్ని అన్నదానికి మరొక వరుస చేర్చండి. లిక్విడిటీ రిస్కు నోట్సులో చాలా కంపెనీలు ఈ మొత్తాన్ని ఇస్తాయి. నగదూ క్రెడిట్ లైన్లూ కలిపిన మొత్తం మారకుండా నగదు మాత్రమే తగ్గిందని తేలితే మీ మొదటి వాదానికి బలం వస్తుంది. రెండూ కలిసి పెరిగితే, జెన్సెన్ వాదంతో వాటాదారు గారు హెచ్చరించినట్టే, అంత డబ్బు ఎందుకు అని ఆ కంపెనీ బోర్డును అడగవలసి ఉంటుంది.